మళ్ళీ అక్కోరి ఎడమ చెవి

ధార్వాడలో మా బాలికల హైస్కూలుకొచ్చి ఇందుమతి హొసమఠ గారెక్కడ అని అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ‘మళ్ళీ అక్కోరు’ అని అడగండి, నలుగురు పోటీపడి సంగీతం గది గుమ్మం దాకా దిగబెట్టి వస్తారు. చదువు చెప్పే ఆడవాళ్ళందరూ ఇక్కడ అక్కోర్లే. లెక్కల అక్కోరు, హిందీ అక్కోరు, కుట్టు అక్కోరు. ఈవిడ ఒక్కరికే చెప్పే పాఠాన్ని బట్టి కాక అనే మాటను బట్టి పేరొచ్చింది. పిల్ల పాడుతుంది. అక్కోరు కళ్ళు మూసుకుని తంబూరా మీటుతూ వింటుంది. పాట ఆగుతుంది. “మళ్ళీ” అంటుంది అక్కోరు, కళ్ళు తెరవకుండానే. పిల్ల మళ్ళీ పాడుతుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆ గదిలో జరుగుతున్నది ఇదే.

ఆవిడ నోట ‘బాగుంది’ అన్న మాట విన్న పిల్ల ఒక్కతీ లేదు. ఎవరి పెళ్ళికెళ్ళినా భోజనం బాగుందని కూడా అనదని, ఆకు మడిచి లేచిపోతుందని చెప్పుకుంటారు. అది కాస్త కల్పించిన మాటే కావచ్చు. కానీ ఆ మాట అనకపోవడానికి ఆవిడకో కారణం ఉంది. ఆ కారణాన్ని ఏటా ఎనిమిదో తరగతిలో చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పేస్తుంది.

పందొమ్మిదో ఏట ఇందుమతి నరగుంద నుంచి వచ్చి నాగనూరు బువా అనే హిందుస్తానీ గాయకుడి దగ్గర శిష్యురాలిగా చేరింది. బువా తిట్లకి వీధిలో గేదెలు బెదిరేవి. పాటలో ఒక్క పలుకు నలభై సార్లు పాడించేవాడు. నలభై సార్లూ మళ్ళీ, మళ్ళీ అనేవాడు. ఇందుమతితో పాటు కమలాక్షి అని ఇంకో అమ్మాయి నేర్చుకునేది. ఆరో ఏడు ఒక పొద్దున ఇందుమతి పాట ముగించగానే బువా చాలా మెత్తగా, “బాగా పాడావమ్మా. లోపలికెళ్ళి టీ తాగు” అన్నాడు. ఆ వెంటనే కమలాక్షి పాడింది. ఆమెను మధ్యాహ్నం దాకా తిట్టాడు, నేల చరిచాడు, మళ్ళీ మళ్ళీ అని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. వంటింట్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఇందుమతికి సంగతి అర్థమయింది. గురువు తన మీద ఆశ వదులుకున్నాడు. ఆ టీ తాగకుండానే గ్లాసు కడిగి పెట్టేసింది. కమలాక్షి తర్వాత రేడియోలో పాడింది, కచేరీలు చేసింది. ఇందుమతి కొన్నేళ్ళకి టీచరు శిక్షణ పరీక్ష రాసి బడిలో చేరింది.

“కాబట్టి పిల్లలూ,” అని ముగించేది అక్కోరు, “నేను మళ్ళీ అన్నంత కాలం మీకు భయం లేదు. బాగుంది అన్నానంటే మాత్రం, ఇంక నీ దారి నువ్వు చూసుకోమని అర్థం.”

పిల్లలు పిల్లలే కదా, దాన్నొక ఆట చేసుకున్నారు. ఎవరికెన్ని ‘మళ్ళీ’లు పడ్డాయో నోటుబుక్కు వెనక అట్ట మీద గీతలు గీసుకునేవారు. “ఇవాళ నాకు తొమ్మిది” అని ఒకతె అంటే, “నాకు పదకొండు, ఊరుకో” అని ఇంకొకతె మెడ తిప్పేది. లోకంలో తిట్లు లెక్కపెట్టుకుని మురిసిపోయే పిల్లలు ఎక్కడైనా ఉన్నారంటే మా బళ్ళోనే ఉన్నారు.

ఆ లెక్కలో అందరికంటే ముందుండేది తొమ్మిదో తరగతి దాక్షాయణి బడిగేర. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే వినపడదు, పాడితే ప్రహరీ అవతలికి వినపడుతుంది. తండ్రి గోవాలో వడ్రంగం పనికి పోయి ఏడాదికోసారి కనపడతాడు. తల్లి నీలవ్వ బస్టాండు పక్క ఖానావళి అనే పూటకూళ్ళ హోటల్లో జొన్నరొట్టెలు తడుతుంది, రోజుకి మూడు వందలు. ఊరి బయట సంగీతం గురుకులం ఒకటుంది. తిండీ చదువూ పాటా అన్నీ అక్కడే. ఏటా వినాయక చవితి ముందు సోమవారం పరీక్ష పెట్టి ఎనిమిది మందిని తీసుకుంటారు. అక్కడ చోటు దొరికితే దాక్షాయణి పాడుతుంది. దొరకకపోతే వేసవికల్లా తల్లి పక్కన ఇంకో రొట్టెల పీట పడుతుంది. ఈ సంగతి నీలవ్వకి తెలుసు, పిల్లకి తెలుసు, అక్కోరికి అందరికంటే ఎక్కువ తెలుసు. ఇరవై ఏడేళ్ళలో తన చేతి కింద గురుకులం దాకా వెళ్ళదగ్గ గొంతు ఇదొక్కటే. ఇంకో రెండేళ్ళలో తను రిటైరవుతుంది.

ఆ ఏడు ఆషాఢంలో వానలు పట్టుకోగానే అక్కోరికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులకి జ్వరం దిగింది గానీ ఎడమ చెవిలో ఒక కీచురాయి మకాం పెట్టింది. పగలూ రాత్రీ ఒకటే రొద. అందరూ చేసేదే ఆవిడా చేసింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసుకుని దూది పెట్టుకుంది. వారం తిరిగేసరికి రొద సన్నబడింది. జలుబు వల్ల పట్టిన రొద, అదే పోతుందనుకుంది. ఎవరితోనూ అనలేదు. సంగీతం అక్కోరు చెవి బాగాలేదని ఊళ్ళో చెప్పుకోవడం, కంసాలి తన కళ్ళు మసకలని చాటుకోవడం ఒకటే.

సంగీతం గదిలో కూర్చునే పద్ధతి బువా ఇంటి నుంచి వచ్చిందే. అక్కోరు గోడకి చేరబడి కూర్చుంటుంది. తంబూరా కుడి భుజానికి ఆనుకుని, దాని మెడ కుడిచెవి పక్కనే ఉంటుంది. పరీక్షకి తయారవుతున్న పిల్ల ఎడమవైపు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. మిగతా పిల్లలందరూ ఎదురుగా. జ్వరం తగ్గి బడికొచ్చిన రోజు దాక్షాయణి తన చోట కూర్చుని యమన్ రాగం అందుకుంది. నాలుగో పలుకులో గాంధారం మీద నిలిచింది. అక్కోరు కళ్ళు మూసుకునే నుదురు చిట్లించింది.

“కిందికుందే. మళ్ళీ.”

పిల్ల మళ్ళీ పాడింది.

“కిందికే ఉంది. నాలుగు రోజులు నేను లేకపోతే గాంధారం జారవిడుచుకున్నావా? ఇంకాస్త పైకి. మళ్ళీ.”

ఆ రోజు దాక్షాయణికి పందొమ్మిది పడ్డాయి. రెండో వారంలో ఒక రోజు ఇరవై ఆరు. బళ్ళో అంతకు ముందెన్నడూ ఎవరికీ ఇరవై దాటలేదు. “ఇరవై ఆరటే! అదృష్టమంటే దానిదే” అని పక్క తరగతి పిల్లలు కూడా కిటికీలోంచి తొంగి చూశారు. దాక్షాయణి నవ్వలేదు. తన చెవికి సరిగ్గా అనిపించిన చోట అక్కోరు తప్పంటోంది, తప్పనిపించిన చోట ఊరుకుంటోంది. అక్కోరి చెవి ముందు తన చెవెంత? తన చెవిదే తప్పనుకుంది. గాంధారాన్ని కాస్త కాస్తే పైకి జరుపుకుంటూ పోయి, అక్కోరు నుదురు సర్దుకున్న చోట ఆపి, ఆ చోటు బట్టీ పట్టింది.

శ్రావణం మొదట్లో ఒక సాయంత్రం నీలవ్వ బడికొచ్చింది. మోచేతుల దాకా పిండి, తల మీద కొంగు. గది లోపలికి రమ్మంటే రాలేదు.

“తిట్టొద్దని చెప్పడానికి రాలేదక్కోరూ. తిట్టండి, కొట్టండి, మీ పిల్లే అనుకోండి. కానీ ఇది ఇంట్లో నా ప్రాణం తీస్తోంది. తిండి తినదు. నేను రొట్టె తడుతుంటే పక్కన కూర్చుని ‘అమ్మా, పైకుందా కిందికుందా’ అంటుంది. రొట్టె మందమో పలచనో నాకు తెలుసు గానీ పాట సంగతి నాకేం తెలుసు? బాగానే ఉందిలేవే అన్నాను మొన్న. అంతే, ‘ఆ మాట అనకమ్మా’ అని నా నోరు మూసి ఒకటే ఏడుపు. బాగుందంటే ఏడ్చే పిల్లని ఎక్కడైనా చూశారా?”

“పరీక్ష దాకా ఇంతే నీలవ్వా. సెగ తగలందే రొట్టె పొంగుతుందా?” అంది అక్కోరు.

నీలవ్వకి ఆ మాట నచ్చింది. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అక్కోరికే ఎందుకో ఆ మాట అనేశాక మనసు కుదురుగా లేదు.

హెడ్మాస్టరు తోటగేర ఇదంతా వరండాలోంచి చూశాడు. మర్నాడు పిలిచి, విద్యాశాఖ వాళ్ళు పంపిన కాగితమొకటి ముందుకు తోశాడు. పిల్లలను ప్రోత్సహించవలెను, నిరుత్సాహపరచరాదు అని అందులో రాసి ఉంది. “ఒక్కసారి బాగుందంటే మీ సొమ్మేం పోతుందక్కోరూ? నేను చూడండి, సున్నా మార్కులొచ్చిన పిల్లని కూడా భేష్ అంటాను.”

“అందుకే దానికి మళ్ళీ సున్నాయే వస్తోంది సార్” అని అక్కోరు కాగితం మడిచి తిరిగిచ్చేసింది.

పరీక్ష పది రోజులుందనగా మా బడి కప్పు తన బుద్ధి చూపించింది. పొద్దుటి నుంచి కురిసిన వానకి సంగీతం గదిలో సరిగ్గా దాక్షాయణి కూర్చునే చోట కారడం మొదలయింది. అక్కడ బకెట్టు పెట్టి, “నువ్విటు రావే” అని అక్కోరు పిల్లని కుడివైపు, తంబూరా పక్కన కూర్చోబెట్టింది. దాక్షాయణి యమన్ ఎత్తుకుంది. గాంధారం పలికింది.

అక్కోరు ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గాంధారం పైకిపోయింది. కొంచెం కాదు, నిన్న కాక మొన్న చేరిన పిల్లకి కూడా తెలిసేంత పైకి.

“ఏమే, ఏమయింది నీకు? ఎక్కడికి పోతున్నావు?”

“మీరు చెప్పిన చోటే అక్కోరూ.”

ఆ గదిలో ఎవరూ అక్కోరికి ఎదురు చెప్పి ఎరగరు. పిల్ల పొగరుతో అనలేదని దాని మొహం చూస్తేనే తెలుస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

“నేను చెప్పానా? ఈ చోటు నేను చెప్పానా? మళ్ళీ.”

మళ్ళీ అదే. సూది దిగినట్టు పైకి. అక్కోరికి ఎందుకు తోచిందో గానీ, “ఆ బకెట్టు పక్కకి తోసి ఎడమవైపు కూర్చో, అక్కణ్ణుంచి పాడు” అంది. పిల్ల తడిలోనే కూర్చుని పాడింది. గాంధారం చక్కగా, ఉండాల్సిన చోట ఉంది. “ఇవాళ్టికి చాలు, వెళ్ళండి” అంది. ఇంకా గంట కొట్టడానికి పావుగంట ఉంది. పిల్లలు తెల్లబోయి లేచారు.

అందరూ వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి హార్మోనియం ముందు కూర్చుంది. ఒక మెట్టు నొక్కింది. ఎడమచెవి అరచేత్తో మూసుకుని వింది. తర్వాత కుడిచెవి మూసుకుని అదే మెట్టు వింది. అదే మెట్టు, అదే గాలి, కానీ స్వరం కిందికి దిగిపోయింది. చెయ్యి మార్చింది. పైకొచ్చింది. ఇంకో మెట్టు నొక్కి చూసింది, మరొకటి నొక్కి చూసింది. తన రెండు చెవులూ రెండు రకాలుగా వింటున్నాయి. ఎడమవైపు కూర్చున్న పిల్ల సరిగ్గా పాడినన్నాళ్ళూ కిందికుందని తిట్టింది. తిట్టి తిట్టి తప్పుకి నెట్టింది. నెట్టాక ఒప్పుకుంది. బకెట్టులో చుక్క చుక్క పడుతోంది.

సాయంత్రం ఎవరికీ చెప్పకుండా హుబ్బళ్ళి బస్సెక్కి చెవి డాక్టరు దగ్గరికెళ్ళింది. ధార్వాడ డాక్టరు దగ్గర తెలిసినవాళ్ళు కనపడతారని భయం. ఆ కుర్ర డాక్టరు పరీక్షలన్నీ చేసి, “జ్వరంలో లోపలి నరం దెబ్బతిందమ్మా. మొదటి వారంలోనే వచ్చుంటే మందులకి లొంగేదేమో. నూనె పోశారా?” అన్నాడు. పోశానంది. ఆయన తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. వినికిడి మిషను పెడితే చప్పుడు పెరుగుతుంది గానీ స్వరం సరవుతుందని చెప్పలేనన్నాడు. “మీరేం చేస్తుంటారు?” అని అడిగాడు. అక్కోరు “బడిలో” అని ఊరుకుంది.

ఆ రాత్రంతా రెండు భయాలు ఆవిడని చెరో పక్కా పట్టుకు లాగాయి. పిల్లకి చెప్పకపోతే పిల్ల తప్పు గాంధారంతో గురుకులానికి వెళ్తుంది. చెప్తే పరువు పోతుంది. చెవిటి అక్కోరు సంగీతం చెప్తోందట అని కూరగాయల బజారు దాకా పాకుతుంది. ఉద్యోగం మాట ఏమవుతుందో తెలీదు. అసలు ఇన్నేళ్ళుగా తిట్టిన తిట్లలో ఏవి సరైనవో, ఏవి కావో? ఇరవై ఏడేళ్ళూ ఆ చెవి బాగానే ఉందని తనకి తెలుసు. అయినా ఆ అనుమానం వదల్లేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తోచింది. భయంలో తోచే ఉపాయాలన్నిటికీ ఉండే అందమే దానికీ ఉంది. చెప్పకుండానే సరిచేసేద్దామనుకుంది.

మర్నాటి నుంచి కారినా కారకపోయినా దాక్షాయణిని కుడివైపే కూర్చోబెట్టింది. “గాంధారం కాస్త కిందికి దింపు” అంది. పిల్ల దింపింది. “అదీ. కాదు, మరీ దించావు. కాస్త పైకి.” ఆరు వారాలు పైకి పైకి అని కొట్టుకున్న పిల్లకి ఇప్పుడు కిందికి అంటే కాళ్ళ కింద నేల కదిలిపోయింది. గాంధారం దగ్గరికి రాగానే గొంతు తడబడేది. ఒకసారి పైన, ఒకసారి కింద, ఒకసారి వణుకు. పాడే ముందు అక్కోరి మొహం వైపు చూసేది, పాడుతూ చూసేది, పాడాక చూసేది. ఆ చూపు అక్కోరు భరించలేకపోయింది. మూడో రోజుకి పిల్ల గాంధారం పలకాల్సిన చోట నోరు తెరిచి, చప్పుడు రాక ఆగిపోయింది.

పరీక్ష ఇంకా ఆరు రోజులుంది. అక్కోరికి ఏం చెయ్యాలో తోచలేదు. హెడ్మాస్టరు చూపించిన కాగితం గుర్తొచ్చింది. తన పాపం తనని కాలుస్తోంది. పిల్లకి కాస్త ధైర్యం చెప్దామని, ఇంకేం లేదు, నోరు జారింది.

“ఏం ఫరవాలేదే. బాగుంది. బాగానే పాడావు.”

ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒకతె అప్రయత్నంగా “అయ్యో” అంది. ఇంకొకతె నోటుబుక్కు మూసేసింది. అక్కోరికి ఆ క్షణంలో కూడా అర్థం కాలేదు. దాక్షాయణి మొహంలో రక్తం లేదు. మెల్లగా లేచి, అక్కోరి కాళ్ళకి దణ్ణం పెట్టి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. పిల్ల గుమ్మం దాటాక అక్కోరికి బువా ఇంటి వంటింట్లో చేతిలో చల్లారిన టీ గ్లాసు గుర్తొచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

మర్నాడు దాక్షాయణి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున అక్కోరు ప్రార్థనకి కూడా ఆగకుండా, కరెంటుతో పాడే చిన్న తంబూరా పెట్టె సంచీలో వేసుకుని బస్టాండు వైపు నడిచింది. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు. పరీక్షకి ఇంక మూడు రోజులే.

ఖానావళి వెనక వంటగదిలో కట్టెల పొయ్యిల సెగ. రొట్టెలు తడుతున్న చప్పుడు వీధిలోకే వినపడుతోంది. అక్కోరు గుమ్మంలో నిలబడి చూసింది. నీలవ్వ పక్కన రెండో పీట అప్పుడే వేసి ఉంది. దాని ముందు దాక్షాయణి కూర్చుని రొట్టె తడుతోంది. దాని రొట్టెలు గుండ్రంగా రావడం లేదు.

“బడికెందుకు రావడం లేదే?”

పిల్ల తలెత్తలేదు. “వచ్చి ఏం చెయ్యాలక్కోరూ? మీరు బాగుందన్నారుగా.”

“అన్నాను.”

“అందరి ముందరా అన్నారు. అయితే ఇంక అయిపోయినట్టేగా.” చేతిలో రొట్టె చిరిగిపోయింది. మళ్ళీ ముద్ద చేసి తట్టడం మొదలుపెట్టింది.

నీలవ్వ, “చూడండక్కోరూ, రెండు రోజులుగా ఇదే పాట. మీరైనా చెప్పండి దీనికి” అంది.

నోరు జారానే, పొరబాటున అన్నానే అంటే సరిపోయేది. పిల్ల లేచి వచ్చేది. అక్కోరికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా వచ్చిన పిల్ల తన చెవిని తను నమ్మదు. గురుకులంలో పాడే ముందు కూడా అక్కోరి మొహం కోసం వెతుక్కుంటుంది. అక్కోరు జొన్నల బస్తా మీద కూర్చుంది.

“నా ఎడమచెవి చెడిపోయిందే. జ్వరం వచ్చినప్పటి నుంచీ. నేను తెలుసుకోలేదు. నువ్వు సరిగ్గానే పాడావు. నేనే తప్పు విన్నాను. సరిగ్గా ఉన్న గాంధారాన్ని తిట్టి తిట్టి పాడు చేశాను. తెలిశాక కూడా చెప్పలేదు. సిగ్గేసింది.”

రొట్టె చప్పుడు ఆగిపోయింది. పొద్దున తొమ్మిది గంటల వేళ ఆ వంటగదిలో ఆ చప్పుడు ఆగడం ఎవరూ ఎరగరు. హోటలు ముందు గదిలోంచి యజమాని “ఏమయిందక్కడ?” అని కేకేశాడు.

“అబద్ధం” అంది దాక్షాయణి. “నన్ను ఓదార్చడానికి అంటున్నారు. మీ చెవికేమీ కాలేదు. మీ చెవికేమవుతుంది?”

అక్కోరు సంచీలోంచి తంబూరా పెట్టె తీసి గోడకున్న ప్లగ్గులో పెట్టింది. షడ్జం, పంచమం పొయ్యి సెగలో మోగడం మొదలయింది. “ఇలా చూడు. కుడిచెవి మూసుకుంటున్నాను. ఈ పాడుచెవితోనే విని పాడతాను. నా మొహం చూడొద్దు. అటు తిరిగి విను. సరిగ్గా ఉందో లేదో నువ్వే చెప్పాలి.”

“నేనా? మీకా?”

“నువ్వే. నాకే.”

పిల్ల గోడవైపు తిరిగింది. అక్కోరు కుడిచెవిని అరచేత్తో గట్టిగా అదిమి, కళ్ళు మూసుకోకుండా, గాంధారం పాడింది. తన లెక్క ప్రకారం సరిగ్గానే పాడింది. పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. నోరు మాత్రం తెరవలేదు. అక్కోరు ఎదురు చూసింది. ఇరవై ఏడేళ్ళుగా సంగీతం గదిలో ఎంతమంది పిల్లలు ఇలా ఎదురు చూశారో అప్పుడు తెలిసొచ్చింది.

“చెప్పవే” అంది నీలవ్వే చివరికి.

గోడవైపు నుంచి చాలా సన్నగా, వినపడీ వినపడనట్టు, ఒక మాట వచ్చింది.

“మళ్ళీ.”

“ఏమే! అక్కోరినా?” నీలవ్వ చెయ్యి ఎత్తింది.

“ఆగు నీలవ్వా! దాన్ని చెప్పనీ.” అక్కోరు మళ్ళీ పాడింది.

“పైకుందక్కోరూ. మళ్ళీ.”

మళ్ళీ పాడింది.

“ఇంకా పైకే. అలా కాదు, ఇదిగో, ఇలా.” దాక్షాయణి ఇటు తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా, పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని గాంధారం పలికింది. అక్కోరు చటుక్కున చెయ్యి మార్చి ఎడమచెవి మూసుకుంది. ఆషాఢానికి ముందు ఏ చోట ఉండేదో, అక్కడే ఉంది. వణుకు లేదు. అక్కోరికి ఏడుపొచ్చింది. బాగుందని మాత్రం అనలేదు. కళ్ళు తుడుచుకుని, “తర్వాతి పలుకు అందుకో” అంది.

హోటలుకి ఆ పూట రొట్టెలు ఆలస్యమయ్యాయి. తిండికొచ్చిన వాళ్ళు గిన్నెల మీద చెంచాలతో కొట్టి గోల చేశారు. నీలవ్వ వాళ్ళని చెడామడా తిట్టి పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. మర్నాడు బళ్ళో దాక్షాయణి తన నోటుబుక్కు వెనక అట్ట మీద కొత్త గళ్ళు గీసింది. పైన అక్కోరి పేరు రాసింది. “నిన్న అక్కోరికి రెండు పడ్డాయి” అని పక్క పిల్ల చెవిలో చెప్పింది. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. హెడ్మాస్టరుకి అక్కోరే స్వయంగా వెళ్ళి చెప్పింది. ఆయన బల్ల మీద పెన్ను దొర్లించి, “రెండో చెవి బాగుందిగా? ఇంక రెండేళ్ళేగా?” అన్నాడు. ఊరు అనేది ఊరు అంది. కూరగాయల బజారులో ఒకావిడ ఎడమవైపు నుంచి చాలా గట్టిగా అరిచి పలకరించింది కూడా. అక్కోరు కాకరకాయలు ఏరుకుని వచ్చేసింది.

సోమవారం గురుకులంలో పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. పెద్దవాళ్ళు వరండాలో ఆగాలన్నారు. తలుపు మూసుకుంది. అక్కోరు కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని ఎడమచెవి మూసుకుంది. వాన చినుకుల మధ్య యమన్ వినపడింది. గాంధారం వచ్చింది. సరిగ్గానే ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అని తప్ప ఇంకేమీ అనుకోలేకపోయింది. ఇదివరకైతే ఇట్టే చెప్పేసేది. ఇప్పుడు తన చెవి మీద తనకి ప్రమాణం చేసేంత ధైర్యం లేదు. ఆవిడకి భయం వేసింది. పక్కన నీలవ్వ కొంగు ముడి విప్పుతూ వేస్తూ, “ఎలా ఉందక్కోరూ?” అని అడుగుతూనే ఉంది.

నాలుగు గంటలకి జాబితా అంటించారు. ఎనిమిది పేర్లలో ఏడోది దాక్షాయణి బడిగేర. నీలవ్వ గుమ్మం ముందే కూర్చుని బావురుమంది. తర్వాత ముగ్గురూ వానలో బస్సు స్టాపు వైపు నడిచారు. పిల్ల ఎవరూ చెప్పకుండానే అక్కోరికి కుడివైపుకొచ్చి నడుస్తోంది. అక్కోరు కాసేపు ఓర్చుకుంది. ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

“గాంధారం ఎలా పడిందే?”

“సరిగ్గానే పడిందక్కోరూ. నిషాదమే రెండోసారి కాస్త జారింది.”

“జారిందా? నాకు తెలీలేదే.”

“నాకు తెలిసింది” అంది దాక్షాయణి.

అక్కోరు నోరు తెరిచింది. ఆవిడ ఏమీ అనకముందే, పిల్ల నడుస్తూ నడుస్తూనే ఆ నిషాదాన్ని మళ్ళీ అందుకుంది.